హీరో పక్కన నిలబడ్డవాడు ఊరికే నిలబడ్డాడా? కనిపెట్టడం ఎలా

నేను తీసిన మొదటి షార్ట్ ఫిల్మ్ నిడివి 14 నిమిషాలు. అందులో హీరో ఫ్రెండ్ వేషం మా రూమ్మేట్ వేశాడు. డబ్బింగ్‌కి కూర్చున్న రోజు వాడు కాగితం చూసి, "ఒరే, నాకు మొత్తం తొమ్మిది డైలాగులు, అందులో ఆరు 'ఏమైందిరా'లే" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. ఎడిటింగ్‌లో చూస్తే నిజమే. వాడు బండి మీద వస్తాడు, ఏమైందిరా అంటాడు, హీరో తన గోడు చెప్పుకుంటాడు, వీడు భుజం మీద చెయ్యేస్తాడు, సీన్ అయిపోతుంది. కాసేపటికి టీ కొట్టు దగ్గర మళ్లీ అదే. వాడి స్థానంలో కరెంటు స్తంభం పెట్టినా మా హీరో చెప్పుకోవాల్సింది చెప్పుకునేవాడు, పైగా స్తంభానికి మధ్యాహ్నం బిర్యానీ పెట్టించే పని కూడా ఉండేది కాదు.

అప్పటినుంచి సినిమా చూసినా గేమ్ ఆడినా నా కళ్లు పక్కవాడి మీదే ఉంటున్నాయి. హీరో ఎలాగూ బాగానే ఉంటాడు, అతనికోసం అందరూ కష్టపడతారు. పక్క పాత్ర దగ్గరే రాసినవాడి ఓపిక ఎంతో తెలిసిపోతుంది. నేను చూసే పద్ధతి ఇక్కడ వరసగా చెబుతాను. రివ్యూలు రాసేవాళ్లకి, షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు చేతిలో పట్టుకుని తిరిగేవాళ్లకి, చిన్న గేమ్ ఏదైనా తయారుచేస్తున్నవాళ్లకి పనికొస్తుంది. కావాల్సినవి ఒక కాగితం, ఒక పెన్ను, ఇదివరకే ఒకసారి చూసిన సినిమా లేదా ఒకసారి పూర్తిచేసిన గేమ్. మొదటిసారి చూసేటప్పుడు మాత్రం ఈ పని పెట్టుకోకండి, కథ ఎటు పోతోందన్న ఆత్రంలో పక్కవాడు కనిపించడు. ఇంకో మాట, కింద కొన్ని కథల ముగింపులు బయటపడతాయి, అన్నీ పాతవే కాబట్టి ఏమీ అనుకోవద్దు.

మొదటి పని: హీరోని వదిలేయండి

ఒకే ఒక్క పక్క పాత్రని ఎంచుకోండి. అత్తగారు, హీరో ఫ్రెండ్, విలన్ పక్కన బ్రీఫ్‌కేస్ పట్టుకునేవాడు, గేమ్‌లో అయితే మీతోపాటు నడిచే మనిషి, ఎవరైనా సరే. సినిమా ఓటీటీలో పెట్టుకుని ఆ మనిషి ఉన్న సీన్లు మాత్రమే చూడండి, మిగతావి జరిపేయండి. ప్రతి సీన్‌కి కాగితం మీద రెండే మాటలు రాయండి: వాడు ఏం కావాలని వచ్చాడు, ఏం పట్టుకుని వెళ్లాడు. మా షార్ట్ ఫిల్మ్‌కి ఇలా రాస్తే ఆరుసార్లూ "ఏమీ లేదు, ఏమీ లేదు" అనే వచ్చింది.

గేమ్‌లో ఇది కొంచెం కష్టం, ఎందుకంటే మీరే హీరో, మిమ్మల్ని మీరు వదిలేయలేరు. అక్కడ నేను చేసేది ఏంటంటే, మిషన్, అంటే గేమ్ మనకి అప్పజెప్పే పని, మొదలుపెట్టకుండా వాళ్ల దగ్గర ఊరికే నిలబడతాను. ఐదు నిమిషాలు. చెప్పిన మాటే మళ్లీ చెబుతూ చేతులు ఊపుతుంటే అది బొమ్మ అని తేలిపోతుంది. తన పని చూసుకోవడం మొదలుపెడితే అక్కడ ఎవరో కూర్చుని ఆలోచించారని అర్థం.

రెండో పని: హీరో రాకముందు వాడు ఏం చేస్తున్నాడు?

దీనికి జవాబు ఒక్క వాక్యంలో రాయగలగాలి. "హీరో కోసం ఎదురుచూస్తున్నాడు" అని వచ్చిందంటే ఆ పాత్ర పని అయిపోయినట్టే.

1962లో వచ్చిన గుండమ్మ కథ తీసుకోండి. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్నారు, సావిత్రి, జమున ఉన్నారు, ఎస్వీఆర్ ఉన్నారు, అయినా సినిమాకి పేరు మాత్రం సూర్యకాంతం గారి పాత్రది. ఎందుకంటే హీరోలు ఇద్దరూ ఆ ఇంటి గుమ్మం తొక్కకముందే గుండమ్మకి చేతినిండా పని ఉంది. సొంత కూతురికి ఇల్లరికపుటల్లుణ్ణి తేవాలి, సవతి కూతురితో ఇంటి చాకిరీ చేయించుకోవాలి, ఇంటి పెత్తనం చేయి జారిపోకూడదు. హీరోలు వచ్చాక చేసేదల్లా ఆమె మొదలుపెట్టిన పనుల మధ్యలో దూరడమే, ఎన్టీఆర్ అంజి పేరుతో పనివాడిగా ఆ ఇంట్లో చేరినా అది గుండమ్మకి పనివాడు కావాలి కాబట్టే సాగుతుంది. చివర్లో ఆమె ఇంటికే ఇంకో గయ్యాళి వచ్చి కూర్చుంటే గుండమ్మని చూసి మనకి జాలేస్తుంది చూడండి, అంతసేపూ ఆమెని తిట్టుకున్నవాళ్లం కూడా. సొంత పని ఉన్న మనిషి కాబట్టే ఆ పని చెడిపోతే మనకి తెలిసింది.

అహ నా పెళ్ళంట సంగతీ అంతే. 1987లో జంధ్యాల గారు తీసిన ఆ సినిమాలో హీరోయిన్ తండ్రి, కోట శ్రీనివాసరావు గారి లక్ష్మీపతి, కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. ఆ సీన్‌ని అందరూ పిసినారితనం జోకుగానే గుర్తుపెట్టుకున్నారు, నేను మాత్రం ఆ భోజనం ఎంత శ్రద్ధగా సాగుతుందో చూడమంటాను. అతను ఎవర్నీ నవ్వించడానికి తినడం లేదు. అది అతని ఇల్లు, అతని లెక్క, రేపు ఎవరూ చూడకపోయినా అలాగే తింటాడని మనకి నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకం కుదిరాక హీరో పని కష్టమైపోయింది, ఇంతటివాడిని మెప్పించాలంటే ఇతను ఇంకా పెద్ద పిసినారి వేషం కట్టాల్సిందే. కథ నడిచే దారి మొత్తం మామగారి గుణం లోంచే వచ్చింది, హీరో తెలివి దానికి జవాబు మాత్రమే.

గేముల్లో నాకు ఇష్టమైన ఉదాహరణ స్టార్‌డ్యూ వ్యాలీ, 2016లో ఒక్కడే మనిషి కూర్చుని తయారుచేసిన గేమ్ అది. ఊళ్లో అందరికీ ఎవరి దినచర్య వాళ్లకి ఉంటుంది. అక్కడ మీరు ఎవరిదైనా చెత్తబుట్ట కెలుకుతుంటే పక్కన ఉన్నవాళ్లు ఛీ అనుకుంటారు, మీతో స్నేహం తగ్గిపోతుంది. ఒక్క లైనస్ మాత్రం ఏమీ అనుకోడు. లైనస్ ఊరి చివర గుడారంలో ఉండే ముసలాయన. అతనెందుకు ఏమీ అనుకోడో మనకి ఎవరూ వివరించక్కర్లేదు. ఒక పాత్ర గతం మొత్తం ఒక చిన్న రూల్‌లో పెట్టేశారు, నాలుగు పేజీల డైలాగు రాసినా ఇంత బాగా వచ్చేది కాదు.

ఈ పరీక్షకి దొరకనివాళ్లు కొందరుంటారు. రెసిడెంట్ ఈవిల్ 4 గేమ్‌లో కోటు విప్పి తుపాకులు అమ్మే వ్యాపారికి ముందూ లేదు వెనకా లేదు, ఎక్కడినుంచి వస్తాడో తెలీదు, అయినా అతను కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. ఊరంతా మిమ్మల్ని చంపడానికి వస్తుంటే మీతో బేరం ఆడేవాడు వాడొక్కడే. ఇలాంటివాళ్లని వదిలేయండి, అది వేరే విద్య.

మూడో పని: "కాదు" అన్న చోటు వెతకండి

నా మట్టుకు అసలు పరీక్ష ఇదే. పక్క పాత్ర హీరోకి ఎన్నిసార్లు సాయం చేసిందో లెక్కపెట్టకండి. ఒక్కసారైనా కాదంటుందా, అన్నాక కథలో ఏమైనా మారుతుందా, అది చూడండి.

మన సినిమాల్లో హీరో బ్యాచ్ అని ఒకటి ఉంటుంది కదా, ముగ్గురో నలుగురో, ఒకడు లావుగా, ఒకడు కళ్లద్దాలతో. హీరో అమ్మాయిని చూసి గుండె మీద చెయ్యేసుకుంటే వీళ్లు చప్పట్లు కొడతారు. హీరో కొడితే వీళ్లు ఈల వేస్తారు. వీళ్లలో ఎవడూ "నాకు రేపు ఎగ్జామ్ ఉంది, నేను రాను" అనడు. ఎన్నేళ్లయినా వాళ్ల పేర్లు మనకి గుర్తుండవు, నటుల పేర్లే గుర్తుంటాయి.

కట్టప్పని చూడండి ఇప్పుడు. 2015లో బాహుబలి మొదటి భాగం అయిపోయాక దేశమంతా రెండేళ్లు అడిగిన ప్రశ్న హీరో గురించి కాదు, కట్టప్ప ఎందుకు చంపాడని. వాట్సాప్ జోకులు, టీషర్టులు, పెళ్లిళ్లలో కూడా అదే మాట. 2017లో తెలిసిన జవాబు ఏమిటంటే అతనికి "కాదు" అనే హక్కు లేదు. సింహాసనానికి కట్టుబడి ఉంటామని వంశం ఇచ్చిన మాటకి బానిస. శివగామి చంపమన్నప్పుడు అతను మొదట ఒప్పుకోడు, నువ్వు చేయకపోతే నేనే చేస్తానని ఆమె అన్నాక తల వంచుతాడు. అంటే కాదనడానికి నోరు తెరిచిన ఆ ఒక్క క్షణం ఉంది చూశారా, దాన్ని కథ నొక్కేసింది, రెండు సినిమాల బరువూ వచ్చి అక్కడ కూర్చుంది. కట్టప్ప మాట వినగానే కత్తి తీసేవాడే అయితే ఆ రెండేళ్ల ప్రశ్నకి అంత జవాబు దొరికేది కాదు.

గేముల్లో ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, దానికి కారణం మా ఊరి నెట్ సెంటర్. గంటకి ఇరవై రూపాయలు, జేబులో ఉన్నదే ఇరవై, ఆడేది జీటీఏ వైస్ సిటీ. కట్‌సీన్, అంటే ఆట ఆపి కథ చూపించే ముక్క, వచ్చిందంటే ఆ ఇంగ్లీషు వినే ఓపికా లేదు, టైమూ లేదు, నొక్కి దాటేసేవాళ్లం. అలా ఆడుకుంటూ పోతే ఆఖరి మిషన్‌లో మన పక్కనే ఉన్న లాన్స్ వాన్స్ ఎదురు తిరిగాడు. మేమందరం గేమ్ హ్యాంగ్ అయిందనుకున్నాం, మాలో ఒకడైతే లేచి సెంటర్ అన్నని పిలిచాడు, అన్నా ఇది పాడైపోయింది మావాడే మమ్మల్ని కాలుస్తున్నాడు అని.

చాలా ఏళ్ల తర్వాత హాస్టల్లో ల్యాప్‌టాప్ మీద మళ్లీ ఆడాను, ఈసారి కట్‌సీన్లు అన్నీ చూశాను. అప్పుడు తెలిసింది, లాన్స్ మొదటినుంచీ చెబుతూనే ఉన్నాడు. అతని అన్న విక్టర్ మొదటి డ్రగ్స్ డీల్‌లోనే చచ్చిపోయాడు, ఆ పగ అతనిది. మనం వద్దన్నా తొందరపడి ఒంటరిగా డియాజ్ అనే డ్రగ్స్ డాన్ మీదకి వెళ్లి దొరికిపోతాడు, పాత సామాన్ల యార్డులో అతన్ని విడిపించుకు రావడం ఒక మిషన్, అతని ప్రాణం ఎంత ఉందో స్క్రీన్ మీద గీత కనిపిస్తుంటుంది. తర్వాత డబ్బులొచ్చాక నన్ను చిన్నపిల్లాడిలా చూస్తున్నావని ఫోన్ చేసి సణుగుతాడు. మనం ఆ ఫోన్లు కూడా కట్ చేసేశాం. సొంత కోరిక ఉన్నవాడు, కాదంటున్నవాడు, చివరికి విడిపోయాడు, అంతే. గేమ్ పాడవలేదు, వినాల్సింది మేం వినలేదు. లాన్స్ గొప్ప పాత్ర అని అనను, రాత కొంచెం మొరటుగానే ఉంటుంది, కానీ ఇరవై రూపాయల గంటలో నాకు సరిగ్గా తగిలిన దెబ్బ అదే.

కాదనడానికి మాటలే అక్కర్లేదు. షాడో ఆఫ్ ది కొలోసస్ అనే గేమ్ 2005లో వచ్చింది, అందులో ఆగ్రో అనే గుర్రం మీరు బటన్ నొక్కగానే తిరగదు, ఒక్కోసారి దాని దారి అది చూసుకుంటుంది. కావాలనే అలా చేశారు. మొదటి గంట విసుగొస్తుంది. తర్వాత కళ్లెం వదిలేసి విల్లు ఎక్కుపెట్టాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది, మీరు చూడకపోయినా అది చెట్లకి గుద్దుకోకుండా పరిగెడుతుంది. మాట వినని గుర్రాన్నే నమ్మబుద్ధయింది నాకు.

నాలుగో పని: తీసేసి చూడండి, అయితే తొందరపడకండి

ఆ పాత్రని తీసేస్తే కథ నడుస్తుందా అని అడగమని అందరూ చెబుతారు. నేనూ అడుగుతాను, కానీ ఇది ఒక్కటే పట్టుకుంటే మాయాబజార్ నుంచి సగం మందిని ఇంటికి పంపేయాలి. 1957 నాటి ఆ సినిమాలో మగపెళ్లివారి తరఫున విడిది ఏర్పాట్లు చూడ్డానికి శర్మ, శాస్త్రి వస్తారు, అల్లు రామలింగయ్య గారు, వంగర గారు. ఘటోత్కచుడి తరఫున మాయలు చేసే చినమయ్య శిష్యులు వాళ్లకి సామాన్లు చూపిస్తుంటారు, ఇది తల్పం, ఇది గిల్పం, ఇది కంబళి, ఇది గింబళి అని. వీళ్లు గిల్పం ఏంటో, గింబళి ఏంటో తేల్చుకోబోయి అవస్థ పడతారు. ఆ ఇద్దర్నీ తీసేసినా శశిరేఖ పెళ్లి ఆగదు. కథకి అడ్డమేమీ రాదు.

మరి ఎందుకు పనిచేస్తోంది? వాళ్లు కథ బయటినుంచి ఊడిపడలేదు. మగపెళ్లివారన్నాక విడిదిలో దిండు బాలేదు, కాఫీ చల్లారింది అని వంకలు పెట్టడం మన పెళ్లిళ్లలో ఇప్పటికీ ఉన్నదే. ఘటోత్కచుడు మాయ చేస్తున్న ఇంట్లోకి ఆ వంకలు పెట్టే బుద్ధితో వస్తే ఏమవుతుందో అదే అయింది. సినిమా మొత్తం ఏ మాయ మీద నిలబడిందో, ఈ చిన్న హాస్యం కూడా దాని మీదే నిలబడింది. తేడా తెలియాలంటే, ఒకప్పుడు విడిగా తీసి అతికించిన కామెడీ ట్రాకులు గుర్తుతెచ్చుకోండి, హీరో పగ తీర్చుకోవడానికి ఊరు వెళ్తుంటే ఇక్కడ ఒకాయన ఇంటి ఓనర్‌తో తన్నులు తింటుంటాడు, ఇద్దరూ ఒకే ఊళ్లో ఉన్నారో లేదో కూడా తెలీదు. ఆ ట్రాక్ విడిగా యూట్యూబ్‌లో చూస్తే పొట్ట చెక్కలవుతుంది, సినిమాలో చూస్తే ఎప్పుడు అయిపోతుందా అనిపిస్తుంది.

కాబట్టి తీసేసి చూశాక ఇంకో ప్రశ్న వేసుకోండి: ఈ మనిషిని తీసుకెళ్లి వేరే సినిమాలో పెట్టగలనా? పెట్టగలిగితే అతుకు. పెట్టలేకపోతే రాసినవాడికి రెండు వీరతాళ్లు వెయ్యండి.

ఐదో పని, గేమ్‌కి మాత్రమే: మీ వేళ్లని అడగండి

సినిమాలో పక్క పాత్ర కంటికి, చెవికి అందితే చాలు. గేమ్‌లో అది చేతికి కూడా అందాలి. ఎంత మంచి డైలాగులు రాసినా, మిషన్ మధ్యలో తలుపుకి అడ్డంగా నిలబడితే ఆ మనిషి మీద ప్రేమ అంతటితో సరి. ఎస్కార్ట్ మిషన్లంటే, అంటే ఒకరిని కాపాడుతూ వెంట తీసుకెళ్లే పనులంటే, అందరికీ చిరాకు రావడానికి కారణం అదే, వాడు నడిచే వేగం మన నడక కంటే ఎక్కువ, పరుగు కంటే తక్కువ, ఆగి ఆగి వెళ్లాలి, మధ్యలో తూటాల కిందకి వాడే వెళ్లి నిలబడతాడు.

అందుకని కంట్రోలర్ పట్టుకుని మూడు సంగతులు చూడండి.

ఒకటి, ఆ మనిషికి బటన్ ఉందా? 2001లో వచ్చిన ఇకో గేమ్‌లో యోర్డా అనే అమ్మాయి చెయ్యి పట్టుకోవాలంటే ఆర్1 బటన్ నొక్కి పట్టుకోవాలి. వదిలేస్తే చెయ్యి వదిలేసినట్టే. ఆ అమ్మాయి భాష మీకు అర్థం కాదు, మాటలు చాలా తక్కువ, కానీ గంటల తరబడి వేలు బటన్ మీద ఉంచాక ఆమెని వదిలి వెళ్లాలంటే వేలికే భయం వేస్తుంది.

రెండు, ఆ మనిషి లేనప్పుడు ఏమైంది? 2018 నాటి గాడ్ ఆఫ్ వార్‌లో స్క్వేర్ బటన్ నొక్కితే కొడుకు అట్రియస్ బాణం వేస్తాడు. కొన్ని గంటల ఆట తర్వాత అది మీకు ఊపిరి తీసుకున్నంత అలవాటైపోతుంది. అప్పుడు పిల్లాడికి జబ్బు చేస్తుంది, తండ్రి క్రేటోస్, అంటే మీరు, ఒక్కడే హెల్‌హైమ్ అనే చచ్చినవాళ్ల లోకానికి వెళ్లాలి. అక్కడ శత్రువు మీదకి వస్తుంటే నేను స్క్వేర్ నొక్కాను. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాను. అప్పుడు గుర్తొచ్చింది వాడు మంచం మీద ఉన్నాడని. సినిమాలో అయితే తండ్రి ముఖం క్లోజప్ వేసి, వయొలిన్ వేసి చెప్పాల్సిన మాట అది. ఇక్కడ నా బొటనవేలు చెప్పింది. ఆ తండ్రి అంతవరకూ కొడుకుని "బాయ్" అని తప్ప సరిగ్గా పిలిచింది కూడా తక్కువే, అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

మూడు, శత్రువులు ఆ మనిషిని మనిషిగా చూస్తున్నారా? ఇది తెగని తగాదా. బయోషాక్ ఇన్ఫినిట్‌లో మీతోపాటు తిరిగే ఎలిజబెత్ మీద ఎవరూ కాల్పులు జరపరు, పైగా తూటాలు అయిపోయినప్పుడు ఆమే ఎక్కడినుంచో వెతికి మీకు విసురుతుంది. ది లాస్ట్ ఆఫ్ అస్‌లో మీరు పిల్లిలా నక్కి వెళ్తుంటే మీ వెంట ఉన్న ఎలీ అనే అమ్మాయి శత్రువు ముక్కు ముందునుంచి పరిగెత్తినా వాడికి కనిపించదు. రెండూ 2013లోనే వచ్చాయి. కనిపిస్తే మీరు పది నిమిషాల్లో ఎలీని తిట్టుకోవడం మొదలుపెడతారు, కనిపించకపోతే నమ్మకం పోతుంది. తయారుచేసినవాళ్లు రెండోదాన్ని ఎంచుకున్నారు, నా ఓటు కూడా దానికే. నవ్వొస్తే వస్తుంది, కోపం రాకూడదు, ఒకసారి కోపం వచ్చిందంటే ఆ పాత్ర మళ్లీ కోలుకోదు.

దీనికి రుజువు కావాలంటే రెసిడెంట్ ఈవిల్ 4 పాతదీ కొత్తదీ పక్కపక్కన ఆడండి. 2005 నాటి దాంట్లో మనం కాపాడాల్సిన అమ్మాయి ఆష్లీకి విడిగా ప్రాణం గీత ఉంటుంది, మన గాయాలు మాన్పే మూలికలు ఆమెకి కూడా ఖర్చుపెట్టాలి. 2023లో మళ్లీ చేసినప్పుడు ఆ గీత తీసేశారు, దెబ్బ తగిలితే పడిపోతుంది, వెళ్లి లేపాలి, లేపకుండా ఇంకో దెబ్బ తగిలితే అయిపోయింది. అదే అమ్మాయి, అదే కథ. ఒకదాంట్లో సామాను మోస్తున్నట్టుంటుంది, ఇంకోదాంట్లో తోడున్నట్టుంటుంది.

నోరు లేనివాళ్లు కూడా ఈ పరీక్ష పాసవుతారు. 2007లో వచ్చిన పోర్టల్‌లో గుండె బొమ్మ వేసిన ఒక పెట్టె ఇస్తారు, ఒక లెవెల్ మొత్తం దాన్ని మోయాలి, దాని మీద ఎక్కాలి, దాని వెనక దాక్కోవాలి, ఆఖర్న దాన్ని మీ చేత్తో మీరే మంటల్లో వేయాలి. పెట్టె! నేను రెండు నిమిషాలు ఆగాను వేయడానికి.

ఆరో పని: ఎవరి చావు ఎవరికోసం?

ఇంటర్వెల్‌కి పావుగంట ముందు హీరో చెల్లెలికి పెళ్లి కుదిరి, అందరూ నవ్వుతూ పాట పాడుకున్నారంటే హాల్లో మనకే టెన్షన్. గోడ మీద ఫోటోకి దండ పడడం ఖాయం. ఇక్కడ మీరు రాసుకోవాల్సింది చిన్నది: ఆ చావు తర్వాత ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారు? చెల్లెలు చచ్చిపోతే రెండో సగంలో ఆమె పేరు ఎన్నిసార్లు వచ్చింది, ఆమె చదువు గురించో, ఆమె ఇష్టం గురించో ఒక్క మాటైనా వచ్చిందా, లేక హీరో కళ్లు ఎర్రబడడానికి మాత్రమే వాడుకున్నారా. రెండోదైతే అది పాత్ర కాదు, అగ్గిపుల్ల.

మాస్ ఎఫెక్ట్ 2 గేమ్‌లో ఈ లెక్క తలకిందులు చేశారు. 2010లో వచ్చింది. మీ జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో సొంత గొడవ ఉంటుంది, వెళ్లి అది తీర్చిపెడితే ఆఖరి యుద్ధంలో బతికే అవకాశం పెరుగుతుంది. తీర్చకపోయినా, వాళ్లకి చేతకాని పని అప్పజెప్పినా చచ్చిపోవచ్చు. అక్కడ ఎవరైనా పోతే మీకు పగ రాదు, తప్పు చేశానన్న బాధ వస్తుంది, ఎందుకంటే వాడి గొడవ వినడానికి మీకు తీరిక లేకపోయింది.

ఏడో పని: పేర్లు కప్పేయండి

ఇది రాసేవాళ్లకి. స్క్రిప్టులో డైలాగుల పక్కనున్న పేర్ల మీద స్కేలు పెట్టి కప్పేసి చదవండి. ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే అందరూ మీలాగే మాట్లాడుతున్నారన్నమాట. యాస మార్చినంత మాత్రాన మనిషి మారడు, అది గుర్తుంచుకోండి, ఒకడికి తెలంగాణ యాస, ఇంకొకడికి గోదావరి యాస పెట్టేసి వేరు చేశామనుకుంటారు చాలామంది. ఇంకో ప్రమాదం, ఎస్వీఆర్ లాంటి నటుడు వేస్తే ఉత్త కాగితం కూడా పాత్రలా కనిపిస్తుంది. అందుకే రాతని నటుడి గొంతుతో కాకుండా మీ గొంతుతో, చప్పగా చదివి చూడండి.

పాస్ కాకపోతే ఏం చేయాలి

పాత్రకి కొత్త గతం, కన్నీళ్లు, ఫ్లాష్‌బ్యాక్ ఏమీ పెట్టొద్దు. ఆ సీన్ జరుగుతున్న రోజున వాడికి ఒక పని పెట్టండి, చాలా చిన్నది, హీరో కథతో సంబంధం లేనిది, టైముకి అయిపోవాల్సింది. ఆ పనికి కావాల్సిన వస్తువే హీరోకి కూడా కావాలి. అంతే, వాడే కాదంటాడు, మీరు అనిపించక్కర్లేదు.

నా షార్ట్ ఫిల్మ్‌లో పాత సీన్ ఇలా ఉండేది.

"ఏమైందిరా?"
"తను ఫోన్ ఎత్తట్లేదురా."
"బాధపడకురా. అంతా మంచే జరుగుతుంది."

మళ్లీ రాసినప్పుడు ఇలా వచ్చింది. ముందు మాట్లాడేది ఫ్రెండ్, వాడి బండి తాళం హీరో దగ్గర ఉంది.

"తాళం ఇయ్యరా."
"ఒక్క అరగంట. తను ఏడింటి బస్సుకి వెళ్లిపోతోంది, బస్టాండ్ దాకా వెళ్లొస్తా."
"పొద్దున కూడా అరగంటే అన్నావు. ఆరున్నరకి గ్యాస్ గోడౌన్ మూసేస్తారు. బండ అయిపోయి రెండు రోజులైంది, అమ్మ ఇండక్షన్ మీద తంటాలు పడుతోంది."
"బండ రేపు తేవచ్చు కదరా."
"బస్సు కూడా రేపు ఉంటుంది."

వాడు బండి తీసుకుని వెళ్లిపోతాడు. హీరో ఆటో కోసం పరిగెడతాడు, బస్సు దాటిపోతుంది. ముందు స్క్రిప్టులో అమ్మాయి ఎందుకు వెళ్లిపోయిందో చెప్పడానికి నేను రెండు పేజీలు రాసుకున్నాను, ఇప్పుడు ఆ రెండు పేజీలూ అక్కర్లేకుండా పోయాయి, ఒక గ్యాస్ బండ వల్ల. తర్వాత సీన్‌లో ఇద్దరూ ఎదురుపడితే ఏం మాట్లాడుకుంటారో రాయడానికి నాకు నిజంగా భయం వేసింది, ఎందుకంటే ఇద్దరిదీ తప్పు కాదు. మొదటి డ్రాఫ్టులో అలాంటి భయం ఒక్కసారీ వేయలేదు.

కాగితం మళ్లీ మా రూమ్మేట్‌కే ఇచ్చాను. మొత్తం తిరగేసి, "ఒక్క 'ఏమైందిరా' కూడా లేదేంట్రా" అన్నాడు. ఉంది, ఆఖరి పేజీ చూడమన్నాను. వాడు బండ దించి, చెమట తుడుచుకుంటూ మెట్ల మీద కూర్చుని ఉంటాడు, ముఖం బాగా ఉండదు. అప్పుడు హీరో వచ్చి వాడిని అడుగుతాడు.